ఆస్ట్రేలియాలో ఇరుగుపొరుగు వేడుకకు కౌన్సిల్ చిన్న గ్రాంట్: ఫారం తెరిచే ముందు నుంచి లెక్కలు అప్పగించేదాకా

మా వీధి వాళ్లం కలిసి మొదటిసారి కౌన్సిల్ గ్రాంట్‌కి అప్లై చేసినప్పుడు ఆలోచన బాగుంది, పార్కు దొరికింది, బడ్జెట్ డాలరు తేడా లేకుండా సరిపోయింది. అయినా దరఖాస్తు మార్కులు వేసేదాకా కూడా వెళ్లలేదు. అర్హత చూసే దశలోనే ఆగిపోయింది. ఇన్సూరెన్స్ పత్రం సంఘం పేరు మీద కాకుండా, ఆన్‌లైన్‌లో డబ్బు కట్టిన మనిషి పేరు మీద ఉండడమే కారణం. తర్వాతి రౌండులో అదే ఆలోచన, అదే పార్కు, దాదాపు అవే వాక్యాలు పంపాం. ఈసారి డబ్బు వచ్చింది.

ఆ తర్వాత తెలిసినవాళ్ల దరఖాస్తులు చాలానే చదివిపెట్టాను. ఆలోచన బాగాలేక పోయినవి వాటిలో తక్కువ. ఒక కాగితంలో ఉన్నది ఇంకో కాగితంతో కలవక పోయినవే ఎక్కువ. అందుకే ఇందులో ఫారం నింపడం గురించి కొంతే చెబుతాను. దానికి ముందు చేయాల్సిన పని గురించి ఎక్కువ చెబుతాను.

కౌన్సిల్ ఈ డబ్బు ఎందుకు ఇస్తుంది

కేంద్రం, రాష్ట్రం తర్వాత మూడో అంచె ప్రభుత్వం కౌన్సిల్. విక్టోరియాలో 79, న్యూ సౌత్ వేల్స్‌లో 128, క్వీన్స్‌ల్యాండ్‌లో 77 కౌన్సిళ్లు ఉన్నాయి. కాన్‌బెరాలో ఉండేవాళ్లకు విడిగా కౌన్సిల్ లేదు, ఆ పనులన్నీ ఏసీటీ (ఆస్ట్రేలియన్ క్యాపిటల్ టెరిటరీ) ప్రభుత్వమే చూస్తుంది. కాబట్టి వాళ్లు ఆ ప్రభుత్వ గ్రాంట్లే చూసుకోవాలి.

2003లో మెల్‌బోర్న్‌లో ఒక వృద్ధురాలు తన ఇంట్లోనే చనిపోయి రెండేళ్లు దాటాక గానీ ఆ సంగతి బయటపడలేదు. ఆ వార్త చూసి ఆండ్రూ హెస్లప్ అనే ఆయన ‘నైబర్ డే’ మొదలుపెట్టారు. మార్చి చివరి ఆదివారం పక్కింటివాళ్లను పలకరించే రోజుగా అది దేశమంతా పాకింది. ఇప్పుడు రిలేషన్‌షిప్స్ ఆస్ట్రేలియా సంస్థ దాన్ని ‘నైబర్స్ ఎవ్రీ డే’ పేరుతో నడుపుతోంది. కౌన్సిల్ చిన్న గ్రాంట్ల వెనక ఉన్నదీ ఇదే ఆలోచన. స్టేజీ, స్పీకర్లు, భోజనాల కోసం కౌన్సిల్ డబ్బు ఇవ్వదు. ఒకరికొకరు తెలియని ఇళ్ల మధ్య పరిచయం ఏర్పడాలని ఇస్తుంది. దరఖాస్తు చదివే మనిషి ప్రతి పేజీలోనూ వెతికేది ఆ ఒక్క విషయమే.

మనవాళ్లు ఎక్కువగా తడబడేది ఇక్కడే. ‘మా సభ్యుల కోసం పండుగ చేస్తున్నాం’ అని రాస్తే, అది ఎంత పెద్ద పండుగైనా, ఒక గుంపు తనకోసం తాను చేసుకుంటున్న వేడుకలా కనిపిస్తుంది. అదే పండుగకు వీధిలోని ప్రతి ఇంటికీ పిలుపు వెళ్తోందని, రాని ఇంటిని రప్పించడానికి ఏం చేస్తున్నారో చెబితే దాని రంగే మారిపోతుంది. ఇది మాట మార్చి రాసే విషయం కాదు, నిజంగా అలా చేయాలి. ప్రోగ్రాం అయ్యాక మీరిచ్చే రిపోర్టులో తేడా తెలిసిపోతుంది.

మొదటి అడుగు: గైడ్‌లైన్స్‌ని పెన్సిల్ పట్టుకుని చదవడం

కౌన్సిల్ వెబ్‌సైట్‌లో గ్రాంట్స్ పేజీకి వెళ్తే రకరకాల పేర్లు కనిపిస్తాయి. కమ్యూనిటీ గ్రాంట్స్, క్విక్ రెస్పాన్స్ గ్రాంట్స్, నైబర్‌హుడ్ గ్రాంట్స్, ఈవెంట్ స్పాన్సర్‌షిప్. వీధి స్థాయి వేడుకకు సాధారణంగా సరిపోయేవి కొన్ని వందల డాలర్ల నుంచి కొన్ని వేల వరకు ఇచ్చే చిన్న గ్రాంట్లు. కొన్ని ఏడాది పొడవునా తెరిచి ఉంటాయి, కొన్ని ఏడాదికి ఒకటి రెండు రౌండ్లే. ఆర్థిక సంవత్సరం జూలై 1 నుంచి జూన్ 30 దాకా కాబట్టి ఏడాది పొడవునా ఇచ్చే పథకాల్లో డబ్బు చివరి నెలల్లో అయిపోయే అవకాశం ఉంది. తొందరపడితే మంచిది.

గైడ్‌లైన్స్ పత్రం ప్రింట్ తీసుకోండి. ముందు ‘మేము ఇవ్వనివి’ అన్న భాగం చదవండి, ‘ఇచ్చేవి’ తర్వాత చూడొచ్చు. సాధారణంగా అక్కడ ఉండేవి ఇవి: ఇప్పటికే జరిగిపోయిన కార్యక్రమాలు, ఇప్పటికే పెట్టేసిన ఖర్చు, మతప్రచారం, రాజకీయ ప్రచారం, విరాళాల సేకరణ కోసమే చేసేవి, మద్యం, బహుమతి డబ్బు, కౌన్సిల్ పరిధి బయట జరిగేవి. పాత గ్రాంట్ లెక్కలు అప్పగించని సంఘాలకూ ఇవ్వరు. మీ ప్లాన్‌లో వీటిలో ఏ ఒక్కటి ఉన్నా అక్కడ గీత గీసి, ఆ ఖర్చు మీ జేబులోంచి పెడతారో, మానేస్తారో అప్పుడే తేల్చుకోండి.

తర్వాత మార్కుల పట్టిక చూడండి. చాలా కౌన్సిళ్లు ఏ ప్రశ్నకు ఎంత శాతం వెయిటేజీయో గైడ్‌లైన్స్‌లోనే రాస్తాయి. ‘కమ్యూనిటీకి ప్రయోజనం’కు 40 శాతం, ‘నిర్వహణ సామర్థ్యం’కు 20 శాతం అని ఉంటే, మీ రాత కూడా ఆ కొలతలోనే ఉండాలి. నేను చదివిన దరఖాస్తుల్లో సగానికి పైగా దీనికి తలకిందులుగా ఉన్నాయి. సంఘం చరిత్ర ఒక పేజీ, వేడుక వల్ల ఎవరికి ఏం ఒరుగుతుందో రెండే లైన్లు.

ఇంకో మంచి పని, గత ఏడాది ఎవరికి ఎంత ఇచ్చారో చూడటం. చాలా కౌన్సిళ్లు ఆ జాబితా బయట పెడతాయి, లేకపోతే కౌన్సిల్ సమావేశాల మినిట్స్‌లో దొరుకుతుంది. న్యూ సౌత్ వేల్స్‌లో 1993 నాటి లోకల్ గవర్నమెంట్ యాక్ట్ సెక్షన్ 356 కింద ఇచ్చే ఆర్థిక సాయం గురించి మీటింగ్ కాగితాల్లో వెతికితే కనిపిస్తుంది. గరిష్ఠం 3,000 డాలర్లని రాసి ఉన్నా, మీలాంటి వీధి వేడుకలకు నిజంగా ఇస్తున్నది 1,200 దగ్గరే ఉందని తేలితే మీ బడ్జెట్ ఎంత ఉండాలో అక్కడే అర్థమైపోతుంది.

రెండో అడుగు: డబ్బు ఎవరి పేరు మీద వస్తుంది

వీధిలో నలుగురు కలిసి ‘మేము ఒక గ్రూపు’ అనుకుంటే చట్టం దృష్టిలో అది సంఘం కాదు. కౌన్సిల్ ఎక్కువగా అడిగేది ఇన్‌కార్పొరేటెడ్ అసోసియేషన్, అంటే చట్టప్రకారం రిజిస్టరైన సంఘం. విక్టోరియాలో, న్యూ సౌత్ వేల్స్‌లో కనీసం ఐదుగురు సభ్యులుంటే రిజిస్టర్ చేసుకోవచ్చు. విక్టోరియాలో కన్స్యూమర్ అఫైర్స్, న్యూ సౌత్ వేల్స్‌లో ఫెయిర్ ట్రేడింగ్ ఆ పని చూస్తాయి. కానీ ఒక్క మధ్యాహ్నం జరిగే వేడుక కోసం సంఘం రిజిస్టర్ చేసి, ప్రతి ఏడాదీ దాని రిటర్నులు మోయడం నా దృష్టిలో అనవసరమైన భారం.

దానికి దారి ఆస్పైసింగ్. అంటే ఇప్పటికే రిజిస్టరైన ఒక సంస్థ మీ తరఫున డబ్బు తీసుకుని, చట్టపరంగా, ఆర్థికంగా బాధ్యత వహించడం. మీ దగ్గరలోని నైబర్‌హుడ్ హౌస్, కమ్యూనిటీ సెంటర్, రోటరీ, లయన్స్ క్లబ్ లాంటివి ఈ పని చేస్తాయి. కొందరు ఉచితంగా చేస్తారు, కొందరు గ్రాంట్‌లో కొంత శాతం తీసుకుంటారు. ఆ శాతం బడ్జెట్‌లో రాయడానికి కౌన్సిల్ ఒప్పుకుంటుందో లేదో ముందే అడగండి. ఎవరు ఏం చేస్తారో ఒక పేజీ ఉత్తరంలో రాయించుకుని సంతకం తీసుకోండి: డబ్బు ఎన్ని రోజుల్లో మీకు అందుతుంది, రసీదులు ఎవరి దగ్గర ఉంటాయి, వేడుక వాళ్ల ఇన్సూరెన్స్ కిందకు వస్తుందా. చివరిది మౌఖికంగా ‘ఆ, వస్తుంది’ అంటే సరిపోదు.

ఏబీఎన్ (ఆస్ట్రేలియన్ బిజినెస్ నంబర్) కూడా అడుగుతారు. ఆస్ట్రేలియన్ బిజినెస్ రిజిస్టర్‌లో దాన్ని ఉచితంగానే తీసుకోవచ్చు. ఏబీఎన్ లేకుండా ఇన్‌వాయిస్ ఇస్తే చెల్లించేవాళ్లు 47 శాతం పట్టి ఉంచాల్సి రావచ్చు. అది వర్తించని సందర్భాల్లో ‘స్టేట్‌మెంట్ బై ఎ సప్లయర్’ అనే పన్ను శాఖ ఫారం ఇస్తారు. జీఎస్‌టీ విషయానికొస్తే, లాభాపేక్ష లేని సంస్థల టర్నోవర్ ఏడాదికి 150,000 డాలర్లకు చేరేదాకా రిజిస్ట్రేషన్ తప్పనిసరి కాదు. రిజిస్టర్ కాని సంఘం తన ఖర్చులను జీఎస్‌టీ కలిపి రాయాలి. రిజిస్టరైనది తీసేసి రాయాలి. ఈ చిన్న తేడాతో పది శాతం డబ్బు చేతిలోంచి పెట్టుకున్నవాళ్లు నాకు తెలుసు.

ఇప్పుడు ఒక పని చేయండి. నాలుగు కాగితాలు బల్ల మీద పక్కపక్కన పరచండి: రిజిస్ట్రేషన్ పత్రం, ఏబీఎన్ లుకప్ పేజీ ప్రింటు, బ్యాంకు స్టేట్‌మెంట్ పై భాగం, ఇన్సూరెన్స్ ‘సర్టిఫికెట్ ఆఫ్ కరెన్సీ’ (పాలసీ ఇప్పుడు అమల్లో ఉందని చెప్పే పత్రం). నాలుగింటి మీదా సంఘం పేరును వేలు పెట్టి అక్షరం అక్షరం చదవండి. ‘అసోసియేషన్’ అన్నది ఒకచోట పూర్తిగా, ఒకచోట పొట్టిగా ఉందా? చివర ‘ఇంక్’ ఒకదానిలో ఉండి ఇంకోదానిలో లేదా? ఇన్సూరెన్స్ గడువు వేడుక తేదీ దాటి ఉందా? మా మొదటి దరఖాస్తు ఈ బల్ల దగ్గర పది నిమిషాలు కూర్చుని ఉంటే పోయేది కాదు. తేడా ఉంటే సరిచేయించడానికి బ్యాంకుకు, ఇన్సూరెన్స్ వాళ్లకు రోజులు పడతాయి, కాబట్టి ఫారం తెరవకముందే ఇది చూసుకోండి.

మూడో అడుగు: ఒక్క ఫోన్ కాల్

గ్రాంట్స్ ఆఫీసర్ నంబరు గైడ్‌లైన్స్ చివర ఉంటుంది. ఫోన్ చేయడానికి చాలామంది మొహమాటపడతారు, ఏదో సిఫారసు అడుగుతున్నట్టు అనుకుంటారు. అది వాళ్ల ఉద్యోగంలో భాగం. కొన్ని కౌన్సిళ్లలో అప్లై చేసే ముందు ఆఫీసర్‌తో మాట్లాడటం తప్పనిసరి కూడా. గడువుకు రెండు మూడు వారాల ముందే మాట్లాడండి, చివరి రెండు రోజుల్లో వాళ్లు దొరకరు. మీ ఆలోచన రెండు వాక్యాల్లో చెప్పి మూడు అడగండి: ఇది ఏ పథకం కిందకు వస్తుంది, మా లాంటి దరఖాస్తుల్లో ఎక్కువగా కనిపించే లోపం ఏమిటి, పార్కు బుకింగ్‌కి ఎవరిని కలవాలి. రెండో ప్రశ్నకు వచ్చే జవాబు బంగారం.

కౌన్సిలర్ల దగ్గరకు వెళ్లి మా దరఖాస్తుకు సాయం చేయండని అడగడం మాత్రం వేరే విషయం. చాలాచోట్ల దాన్ని ‘క్యాన్వాసింగ్’ అంటారు, అందుకే దరఖాస్తు రద్దయ్యే ప్రమాదమూ ఉంది. వేడుకకు రమ్మని పిలవడానికి డబ్బు వచ్చాక కావలసినంత సమయం ఉంటుంది.

నాలుగో అడుగు: తేదీ, చోటు, అనుమతులు

గ్రాంట్ వస్తే అనుమతి వచ్చినట్టు కాదు. రెండూ కౌన్సిల్‌లోనే వేర్వేరు విభాగాలు, ఒకదాని ఫైలు ఇంకోదానికి కనిపించకపోవచ్చు. తేదీ వేసేటప్పుడు ఫలితాలు ప్రకటించే తేదీ చూసి, దానికి కనీసం ఆరు నుంచి ఎనిమిది వారాలు కలపండి. ఒప్పందం మీద సంతకాలు, డబ్బు జమ, అద్దె సామాను బుకింగ్, ఫ్లయర్లు, అన్నీ ఆ వారాల్లోనే జరగాలి.

మొదటిసారి చేస్తుంటే రోడ్డు మూసి చేసే వేడుక జోలికి వెళ్లొద్దని నా సలహా. రోడ్డు మూయాలంటే ట్రాఫిక్ మేనేజ్‌మెంట్ ప్లాన్ కావాలి, దాన్ని అర్హత ఉన్నవాళ్లు తయారుచేయాలి. ఆ ఒక్క ఖర్చే మొత్తం గ్రాంట్‌ను మింగేయగలదు. టాయిలెట్లు, నీడ, నీళ్లు ఉన్న పార్కు గానీ కమ్యూనిటీ హాలు గానీ చూసుకోండి. వీల్‌చైర్ వెళ్లే దారి ఉందా, టాయిలెట్ తలుపు అంత వెడల్పు ఉందా, ఒకసారి నడిచి చూసి ఫొటో తీసుకోండి. ‘అందరికీ అందుబాటులో ఉందా’ అన్న ప్రశ్నకు ఆ ఫొటో చూసి రాసే జవాబు ఇంట్లో కూర్చుని ఊహించి రాసేదానికంటే ఎంతో గట్టిగా ఉంటుంది.

పబ్లిక్ లయబిలిటీ ఇన్సూరెన్స్ (మీ వేడుక వల్ల బయటివాళ్లకు దెబ్బ తగిలినా, నష్టం జరిగినా ఆదుకునేది) చాలా కౌన్సిళ్లు 20 మిలియన్ డాలర్లకు అడుగుతాయి. సంఖ్య వినగానే గుండె జారుతుంది గానీ, అది కవర్ మొత్తం మాత్రమే. మీరు కట్టే ప్రీమియం అందులో చాలా చిన్న భాగం, గ్రాంట్‌లో దాన్ని అడగొచ్చు కూడా.

పాటలు వేయాలంటే లైసెన్సు కావాలి. 2019 నుంచి వన్‌మ్యూజిక్ ఆస్ట్రేలియా ఒక్కచోటే దాన్ని ఇస్తోంది. పార్కుకు కౌన్సిల్ లైసెన్సు వర్తిస్తుందా అని బుకింగ్ వాళ్లనే అడగండి. తిండి పెట్టడం, అమ్మడం రెండూ ఒకటి కావు. అమ్మితే నోటిఫికేషనో, రిజిస్ట్రేషనో కావాలి. విక్టోరియాలో అది ఫుడ్‌ట్రేడర్ అనే ఆన్‌లైన్ వ్యవస్థ ద్వారా జరుగుతుంది. ఎలా పెట్టినా ఒక లెక్క గుర్తుంచుకోండి. 5 నుంచి 60 డిగ్రీల మధ్య వేడిలో ఉన్న వంటకం రెండు గంటల లోపైతే తిరిగి ఫ్రిజ్‌లో పెట్టొచ్చు, రెండు నుంచి నాలుగు గంటల మధ్యయితే వెంటనే తినేయాలి, నాలుగు దాటితే పారేయాలి. ఈ నియమం పాటిస్తామని, గిన్నెలు బయట పెట్టిన సమయం రాసే కాగితం ఒకటి ఉంటుందని రిస్క్ ప్లాన్‌లో ఒక వాక్యం రాస్తే చదివేవాళ్లకు మీ మీద నమ్మకం కుదురుతుంది.

పిల్లల ఆటలు నడిపే వాలంటీర్లకు వర్కింగ్ విత్ చిల్డ్రన్ చెక్ (పిల్లలతో పనిచేసేవాళ్ల నేపథ్య తనిఖీ) అవసరమవుతుందేమో చూసుకోండి. విక్టోరియా, న్యూ సౌత్ వేల్స్‌లలో వాలంటీర్లకు అది ఉచితం. విక్టోరియాలో 2022 జూలై నుంచి 11 చైల్డ్ సేఫ్ స్టాండర్డ్స్ (పిల్లల భద్రతా ప్రమాణాలు) అమల్లో ఉన్నాయి, దరఖాస్తులో వాటి ప్రస్తావన రావచ్చు.

ఐదో అడుగు: జవాబులు రాయడం

చాలా కౌన్సిళ్లు స్మార్టీగ్రాంట్స్ అనే ఆన్‌లైన్ ఫారం వాడతాయి. ప్రశ్నలన్నీ ముందుగా ప్రివ్యూలో చూడొచ్చు. వాటిని ఒక డాక్యుమెంట్‌లోకి కాపీ చేసుకుని అక్కడ జవాబులు రాసి, పదాల పరిమితి చూసుకుని, తర్వాతే ఫారంలో పెట్టండి. మధ్యలో నెట్ పోతే రాసినదంతా పోయే బాధ ఉండదు.

అందరూ ఇబ్బందిపడే ప్రశ్న ‘ఈ కార్యక్రమం ఎందుకు అవసరం?’ దీనికి మొదట నాకు చూపించిన జవాబు ఒకటి ఇలా ఉండేది:

‘మా ప్రాంతం బహుళ సంస్కృతుల నిలయం. అందరినీ కలిపి ఐకమత్యాన్ని, సామరస్యాన్ని పెంపొందించడమే మా ధ్యేయం.’

ఇందులో తప్పేమీ లేదు. కానీ దేశంలో ఏ వీధి వాళ్లయినా ఇదే రాసుకోవచ్చు. కాసేపు కూర్చుని మాట్లాడుకున్నాక అది ఇలా మారింది:

‘మా ఎస్టేట్‌లో ఇళ్లు కట్టి మూడేళ్లయింది. మా మూడు వీధుల్లో 84 ఇళ్లున్నాయి. ఫిబ్రవరిలో మేము 40 తలుపులు తట్టాం, 31 ఇళ్లవాళ్లు మాట్లాడారు. వారిలో 22 మందికి తమ పక్కింటివాళ్ల పేరు తెలియదు. అమ్మమ్మలు, తాతయ్యలు పగలంతా ఒంటరిగా ఉంటున్నారని తొమ్మిది ఇళ్లవాళ్లు చెప్పారు. అందుకే వేడుకను సాయంత్రం కాకుండా ఉదయం 10 గంటలకు పెడుతున్నాం.’

రెండోదానిలో గొప్ప మాట ఒక్కటీ లేదు. కానీ తలుపులు తట్టిన మనుషులు కనిపిస్తున్నారు, వాళ్లకు తెలిసినదాన్ని బట్టి వేళ మార్చుకున్న సంగతీ కనిపిస్తోంది. ఒక శనివారం ఉదయం నోటు పుస్తకం పట్టుకుని వీధి తిరిగితే దొరికేంత సమాచారమే ఇది. దానికి తోడు 2021 జనగణన వివరాలు ఆస్ట్రేలియన్ బ్యూరో ఆఫ్ స్టాటిస్టిక్స్ ‘క్విక్‌స్టాట్స్’ పేజీలో మీ సబర్బ్ పేరు కొడితే వస్తాయి. ఇంట్లో ఇంగ్లిష్ కాని భాష మాట్లాడేవాళ్లెందరు, ఒంటరిగా ఉండే ఇళ్లెన్ని, ఇలాంటివి ఒకటి రెండు చాలు. అంకెలు గుప్పించొద్దు.

కౌన్సిల్ తన లక్ష్యాలను ఒక పత్రంలో రాసుకుంటుంది. విక్టోరియాలో దాన్ని కౌన్సిల్ ప్లాన్ అంటారు, నాలుగేళ్లకు ఒకటి. న్యూ సౌత్ వేల్స్‌లో కమ్యూనిటీ స్ట్రాటజిక్ ప్లాన్, కనీసం పదేళ్ల చూపుతో. అందులోంచి మీ వేడుకకు నిజంగా తగిలే ఒక్క లక్ష్యం తీసుకుని, దాని పేరు, నంబరు యథాతథంగా రాయండి. ఐదు లక్ష్యాలు తగిలించినవాళ్ల కంటే ఒక్కటి గట్టిగా పట్టుకున్నవాళ్ల రాత నిలబడుతుంది.

ఇంగ్లిష్ గురించి టెన్షన్ పడొద్దు. చిన్న వాక్యాలు, మామూలు మాటలు చాలు. ఇంటర్నెట్‌లో దొరికే పెద్ద పెద్ద పదబంధాలు అతికిస్తే మీ గొంతు పోతుంది. రాశాక మీ వీధిలో ఈ పనితో సంబంధం లేని ఒకరికి చదవమని ఇవ్వండి. ఆ రోజు ఏం జరుగుతుందో వాళ్లు తిరిగి చెప్పగలిగితే జవాబు బాగున్నట్టే.

ఆరో అడుగు: బడ్జెట్

బడ్జెట్ అంటే రెండు వరసలు: వచ్చేది, పోయేది. రెండూ సమానంగా ఉండాలి. కింది అంకెలు ఊరికే నమూనా కోసం వేసినవి, మీవి మీ కొటేషన్లను బట్టి ఉంటాయి.

ఖర్చు:
- పార్కు బుకింగ్: 150
- ఇన్సూరెన్స్: 320
- కుర్చీలు, బల్లలు, నీడ టెంట్ల అద్దె: 640
- పిల్లలకు బొమ్మలు నేర్పే కళాకారుడి ఫీజు: 300
- తినుబండారాలు, నీళ్లు: 450
- ఫ్లయర్ల ప్రింటింగ్: 120
- అదనపు చెత్త బిన్లు, ఫస్ట్ ఎయిడ్ కిట్: 180
- మొత్తం: 2,160

రాబడి:
- కౌన్సిల్ గ్రాంట్: 1,800
- వీధివాళ్ల చేతి డబ్బు: 360
- మొత్తం: 2,160

వాలంటీర్ల శ్రమను చాలా కౌన్సిళ్లు ‘ఇన్-కైండ్’గా, అంటే డబ్బు రూపంలో కాని సాయంగా లెక్కలోకి తీసుకుంటాయి. గంటకు ఎంత వేయాలో గైడ్‌లైన్స్‌లో ఉంటుంది. 40 డాలర్లు అనుకుంటే, 12 మంది ఆరేసి గంటలు చేస్తే 72 గంటలు, 2,880 డాలర్లు. దాన్ని రాబడిలోనూ, ఖర్చులోనూ రెండువైపులా రాయాలి, అప్పుడు రెండు మొత్తాలూ 5,040 అవుతాయి. ఒకవైపే రాసి లెక్క తేలక తల పట్టుకున్నవాళ్లను చాలామందినే చూశాను.

‘ఇతర ఖర్చులు: 300’ అని ఎప్పుడూ రాయొద్దు. ఆ 300 ఏమిటో మీకే తెలియకపోతే ఇచ్చేవాళ్లు ఎందుకు ఇస్తారు? గుండ్రటి అంకెలు కూడా అనుమానం తెస్తాయి. టెంట్లకు కొటేషన్ 637.50 వస్తే అదే రాయండి, కొటేషన్ జత చేయండి. వెల్‌కమ్ టు కంట్రీ (ఆదివాసుల స్వాగత కార్యక్రమం) చేయించాలనుకుంటే అది ఆ నేల సంప్రదాయ సంరక్షకులే చేయాలి, దానికి ఫీజు ఉంటుంది, బడ్జెట్‌లో పెట్టండి. ఆ నేల సంరక్షకులను గౌరవంగా తలుచుకునే అక్నాలెడ్జ్‌మెంట్ ఆఫ్ కంట్రీ అయితే ఎవరైనా చెప్పొచ్చు.

అడిగినంత రాకపోతే ఏం చేస్తారో కూడా ముందే అనుకోండి. పై నమూనాలో 1,200 మాత్రమే ఇస్తామంటే 600 తగ్గించుకోవాలి. కళాకారుడిని, అద్దె సామానులో సగాన్ని వదులుకోవచ్చు. ఇన్సూరెన్స్‌ను, నీళ్లను వదులుకోలేం. కొన్ని ఫారాల్లో ఈ ప్రశ్న సూటిగానే అడుగుతారు.

ఏడో అడుగు: రిస్క్ ప్లాన్, ఒక పేజీ చాలు

ఎండ, వాన, విద్యుత్ తీగలు కాళ్లకు తగలడం, పిల్లలు తప్పిపోవడం, ఎవరికైనా ఒంట్లో బాగాలేకపోవడం. ఒక్కోదానికి ఎదురుగా ఏం చేస్తారో, ఎవరు చేస్తారో రాయండి. ‘ఎవరు’ అన్నది మరిచిపోవద్దు, పేరు లేని బాధ్యత ఎవరిదీ కాదు. వేసవిలో అయితే టోటల్ ఫైర్ బ్యాన్ రోజు సంగతి తప్పక రాయండి. ఆ రోజు ఆరుబయట బొగ్గులు, కట్టెలతో వంట నిషేధం, గ్యాస్, కరెంటు బార్బెక్యూలకు రాష్ట్రాన్ని బట్టి షరతులుంటాయి. బ్యాన్ ప్రకటిస్తే చల్లటి తిండే పెడతామనో, తేదీ మారుస్తామనో ఒక వాక్యం ఉంటే చాలు.

సబ్మిట్ నొక్కాక

గడువుకు కనీసం ఒక రోజు ముందే పంపండి. చివరి గంటలో ఫైలు అప్‌లోడ్ కాకపోతే వినేవాళ్లుండరు. పంపాక అంకెతో కూడిన కన్ఫర్మేషన్ ఈమెయిల్ వస్తుంది. రాకపోతే దరఖాస్తు ఇంకా డ్రాఫ్ట్‌లోనే ఉందేమో వెంటనే చూసుకోండి.

రాలేదని ఉత్తరం వస్తే ఫోన్ చేసి కారణం అడగండి. కౌన్సిళ్లు ఫీడ్‌బ్యాక్ ఇస్తాయి. మాకు పేరు తేడా సంగతి అలాగే తెలిసింది.

వచ్చిందని ఉత్తరం వస్తే, ఒప్పందం చదివి సంతకం అయ్యేదాకా పైసా ఖర్చు పెట్టకండి. అంతకుముందు కొన్నది లెక్కలోకి రాకపోవచ్చు. ఫ్లయర్ మీద కౌన్సిల్ లోగో వేయాలంటే, ప్రింట్‌కు పంపే ముందే డిజైన్ చూపించి అనుమతి తీసుకోవాల్సి ఉంటుంది. దీనికి కొన్ని రోజులు పట్టొచ్చు. తేదీ గానీ, చోటు గానీ, ఏదైనా ఖర్చు గానీ మార్చాల్సి వస్తే ముందే ఈమెయిల్‌లో అడిగి, జవాబు దాచుకోండి. అడిగితే సాధారణంగా ఒప్పుకుంటారు. చెప్పకుండా మార్చినప్పుడే ఇబ్బంది వస్తుంది.

చివరి అడుగు: అక్విటల్

వేడుక అయ్యాక ఖర్చు లెక్కలు, ఫలితాలు అప్పగించడాన్ని అక్విటల్ అంటారు. గడువు ఒప్పందంలో ఉంటుంది. మిగిలిన డబ్బు తిరిగి ఇచ్చేయాలి. ఇది చేయకపోతే ఆ సంఘానికి, ఆస్పైస్ చేసిన సంస్థకు కూడా తర్వాతి గ్రాంట్ తలుపు మూసుకుపోతుంది. మనల్ని నమ్మి సంతకం పెట్టినవాళ్లకు ఆ పరిస్థితి తేకూడదు.

దుకాణం రసీదుల మీద అచ్చు ఎండకు, వేడికి త్వరగా వెలిసిపోతుంది. కొన్న రోజే ఫొటో తీసి, ఫైలు పేరులో బడ్జెట్ వరస పేరు పెట్టండి. సొంత సరుకులు, వేడుక సరుకులు ఒకే బిల్లులో కొనొద్దు, విడదీయడం నరకం. అందరి అనుమతితో పది ఫొటోలు తీయండి. పిల్లలవైతే తల్లిదండ్రుల సంతకంతో.

‘ఎంతమంది వచ్చారు?’ అన్న ప్రశ్నకు ‘సుమారు 150’ అని రాయాల్సిన అవసరం రాకూడదు. ఒక మనిషికి ఆ పని ఒక్కటే అప్పగించండి. మా వేడుకలో పదో తరగతి చదివే అమ్మాయి పార్కు గేటు దగ్గర బల్ల వేసుకుని కూర్చుంది. బల్ల మీద మా మూడు వీధుల మ్యాపు చార్టు కాగితం మీద పెద్దగా గీసి ఉంది. వచ్చినవాళ్లు తమ ఇంటి గడిలో ఒక చుక్క అంటించి, ‘ఈ రోజు కొత్తగా ఎవరి పేరు తెలిసింది?’ అన్న చీటీని వెళ్లేటప్పుడు డబ్బాలో వేయాలి. మధ్యాహ్నానికి మ్యాపులో ఇంకా ఖాళీగా ఉన్న గడులు కనిపించాయి. ఇద్దరు వాలంటీర్లు ప్లేట్లలో తిండి సర్దుకుని ఆ ఇళ్లకు వెళ్లి తలుపు తట్టారు. వాటిలో ఏడు ఇళ్లవాళ్లు ప్లేటు పట్టుకుని పార్కుకే వచ్చేశారు. అక్విటల్‌తో పాటు ఆ మ్యాపు ఫొటో, చీటీల లెక్క పంపాం.